జడ చెప్పిన మాట

"బతికున్నది కావాలన్నాను!"

"బతికే ఉంది."

"ఏదీ?"

ఇనుతెక్ తన చేతిలోని పిట్టవంక చూశాడు. మెడ వాలిపోయి ఉంది. "ఇందాకటిదాకా ఉంది," అన్నాడు.

ఉత్తరధ్రువం దాపున వేటగాళ్ళ ఊరు సియోరపలుక్‌లో పుట్టినవాడి చేతులు తలకాయను అడిగి పనిచేయవు. పొడుగుకర్ర వలలో పిట్ట పడగానే కుడిచేయి దాన్ని బయటికి తీస్తుంది. బొటనవేలు రెక్క కిందికి పోయి గుండెను నొక్కుతుంది. అయిదో ఏట నుంచి చేస్తున్న పని అది. ఇప్పుడు ఎవరో ఎర్రకోటు అమ్మాయి రాజధాని నూక్ నుంచి దిగి, ప్రాణాలతో పట్టివ్వు, రెండు ఈకలు తీసుకుని వదిలేస్తానంటే, అతని తలకాయ ఒప్పుకుంది గాని బొటనవేలు ఒప్పుకోలేదు.

"ఇది మూడోది," అందా అమ్మాయి పళ్ళు కొరుకుతూ.

"మూడూ కలిపి పులుసు పెట్టుకోవచ్చు."

"పులుసు కోసం ఇంతదూరం రాలేదు నేను. చెయ్యి ఇటు పెట్టు."

ఎందుకని అడిగేలోపే ఆమె జేబులోంచి తెల్లటి గుడ్డటేపు తీసింది. అతని బొటనవేలిని అరచేతికి ఆనించి నాలుగు చుట్లు చుట్టేసింది. చలికి ఆమె వేళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ముక్కు కూడా ఎర్రబడి ఉంది. అంత దగ్గర నుంచి ఆడపిల్ల ముక్కును చూసే అవకాశం నలభైమంది ఉన్న ఊళ్ళో ఎన్నిసార్లు వస్తుంది? ఇనుతెక్ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"ఇప్పుడు పట్టు, చూద్దాం."

పట్టాడు. అరచేతిలో ఇమిడే నల్లకోటు, తెల్లచొక్కా పిట్ట బిక్కుబిక్కుమంటూ చూసింది. ఆమె తలమీద ఒక ఈక, రెక్కలో ఒక ఈక తీసి కాగితం సంచిలో వేసింది. పిట్టను గాల్లోకి వదిలింది. అది కొండవాలు నిండా గోలపెడుతున్న లక్షల పిట్టల్లో కలిసిపోయింది.

"పట్టిన మనిషి పేరు రాసుకోవాలి. నీ పేరేంటి?"

"ఇనుతెక్."

ఆమె పెన్ను ఆగిపోయింది. అతన్ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత బండమీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఏమైంది?"

"నేను నదుక్‌ని. ఇనాలుక్ మనవరాలిని. అయితే నువ్వు మా తాతవి!"

ఇందులో ఎగతాళి ఎంతో, నిజమూ అంతే. ఇనాలుక్ ముసలావిడ భర్త ఇనుతెక్ పోయిన పంతొమ్మిదో రోజున పక్కింట్లో మగపిల్లాడు పుట్టాడు. పోయినవాడి పేరు వాడికి పెట్టారు. పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. ఆ రోజునుంచి ముసలావిడ ఆ పిల్లాణ్ణి "మా ఆయన" అనే పిలిచింది. వాడికి మాటలు రాగానే ఆవిణ్ణి "ఏమే ముసలీ" అని పిలవడం నేర్పింది. వాడు వేటాడిన మొదటి సీలు జంతువులో మొదటి ముక్క ఆవిడకే వెళ్ళింది. ఊళ్ళో ఎవరికీ ఇది వింత కాదు. ఆరేళ్ళ వయసులో తల్లి వెంట నూక్ వెళ్ళిపోయిన నదుక్ కూడా ఈ తాత సంగతి మరిచిపోలేదు.

"రా తాతా," అని లేచింది నదుక్, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకో ముప్ఫై పిట్టలు కావాలి."

ఆ సాయంత్రం టేపు విప్పేయవచ్చు. అతను వారం రోజులు విప్పలేదు.

*

రెండో వేసవిలో టేపు అక్కర్లేకుండానే బొటనవేలు మాట విన్నది. మనసే వినడం మానేసింది.

"ఈకలో ఏం దొరుకుతుంది నీకు? మాంసమా, ఎముకా?" అని అడిగాడొక రోజు. ఇద్దరూ రాళ్ళు పేర్చిన చాటుగోడ వెనక కూర్చున్నారు. సముద్రం మీంచి పొగమంచు లేచి వచ్చి కొండను మింగేసింది. కాలు తీసి కాలు పెడితే ఎక్కడ పడతామో తెలియదు. ఫ్లాస్కులో కాఫీ ఉంది, ఒకటే కప్పు ఉంది. ఇనుతెక్ పొగమంచుకు లోపల్లోపల దండం పెట్టుకున్నాడు.

"ఈక మొలిచేటప్పుడు పిట్ట ఏం తిందో అదంతా ఈకలో ఉంటుంది. మొలవడం ఆగిపోయాక ఇక మారదు. తల ఈక చలికాలం చివర్లో మొలుస్తుంది. అంటే మనం చూడని సముద్రంలో, మనం చూడని నెలల్లో ఇది ఏం తిన్నదో అందులో రాసి ఉంటుందన్నమాట."

"ఎవరు రాశారు?"

"నైట్రోజన్. గాల్లో ఉంటుందే, అదే. అందులో తేలికది ఒకటి, బరువైనది ఒకటి. ఐసోటోపులంటారు. ఒకదాన్నొకటి తిన్నకొద్దీ బరువైనది పేరుకుంటూ పోతుంది. రొయ్యపిల్లలో కొంచెం. రొయ్యను తిన్న చేపలో ఇంకొంచెం. చేపను తిన్న సీలులో ఇంకా. సీలును తిన్న..."

"నాలో."

"నీలో బోలెడు."

"చూశావా, నేనెంత గొప్పవాణ్ణో! మరి పట్నంలో కోడి తినేవాళ్ళు?"

"కోడి గింజలు తింటుంది. కాబట్టి వాళ్ళు తేలిక."

"అది చూస్తేనే తెలుస్తోందిలే."

నదుక్ చేతిరుమాలు విసిరికొట్టింది. అది పొగమంచులో ఎటో పోయింది. ఇద్దరూ నవ్వారు, నవ్వు ఆగాక ఎటు చూడాలో తెలియక కప్పులోకి చూశారు.

"జుట్టు కూడా అంతే," అంది కాసేపాగి. "నెలకో సెంటీమీటరు పెరుగుతుంది. కొసనుంచి కుదురుదాకా కొలిస్తే ఏ నెల ఏం తిన్నారో వరసగా కనిపిస్తుంది. పిట్టలతో పోల్చడానికి మనుషులవీ నాలుగైదు కావాలి. పట్నంవాళ్ళ తరఫున నాది వేస్తా. నీది ఇస్తావా?"

అతను టోపీ తీసి తల వంచాడు. ఆమె అతని మెడమీద వెంట్రుకలు వేళ్ళతో ఒడిసిపట్టి కత్తెర వేసింది. ఆ ఒక్క క్షణానికి జుట్టంతా ఇచ్చేయమన్నా ఇచ్చేసేవాడు.

"నదుక్," అన్నాడు తల ఎత్తకుండానే. "నీకో మాట చెప్పాలి. నేను..."

"ఏంటి తాతా?"

అంతే. ఆ పిలుపు వచ్చి వాళ్ళిద్దరి మధ్య మూడో మనిషిలా కూర్చుంది. అతను టోపీ పెట్టుకున్నాడు. "కాఫీ చల్లారిపోయిందని," అన్నాడు.

ఆమె శుభ్రంగా ఉన్న కత్తెరనే తుడిచిందే తుడిచింది. ఎందుకు తుడిచిందో ఆలోచించే తెలివి ప్రేమలో పడ్డవాడికి ఉండదు. పొగమంచు విడిపోయింది. వేసవి కూడా అయిపోయింది. హెలికాప్టర్ ఈకల పెట్టెలతోపాటు ఆమెనీ తీసుకుపోయింది.

*

అక్టోబరులో సూర్యుడు కొండ వెనక్కి పోయి ఇక రానన్న వారం ఇనుతెక్ ఒక పార్సెల్ కట్టాడు. ఎండబెట్టిన కొమ్ము తిమింగలం మాంసం, దాని తోలు మత్తాక్, ఉప్పు లేకుండా ఎండిన పిట్టలు ఆరు. ఉత్తరం రాద్దామని కూర్చుని నాలుగు కాగితాలు చించి, చివరికి "తిను" అని ఒక్క మాట రాశాడు.

పార్సెల్ అందిందనే కబురు కూడా రాలేదు. డిసెంబరులో ఇంకోటి పంపాడు. మార్చిలో, సూర్యుడు తిరిగొచ్చాక, మూడోది. ఆ చీకటి నెలలన్నీ కుక్కలకు మేత వేస్తూ, మంచుకు రంధ్రం చేసి గాలం వేస్తూ, మధ్యలో చేతిగ్లవ్ విప్పి బొటనవేలు చూసుకునేవాడు. ఆమె ఇప్పుడు ఏ వీధిలో నడుస్తోందో, ఎవరితో కాఫీ తాగుతోందో అనుకునేవాడు. నూక్ ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అందుకని ఆమెను ఎప్పుడూ ఒక ఖాళీ గదిలో, వీపు ఇటు తిప్పి కూర్చున్నట్టే ఊహించుకునేవాడు.

మూడో పార్సెల్ వెళ్ళిన పది రోజులకు ఫోన్ మోగింది. నదుక్ మెసేజ్.

"ఇంక పంపకు. నాకివి అలవాటు తప్పాయి, ఒంటికి పడటం లేదు. అన్నీ పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను."

అతను దాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని ముసలావిడకి కొట్టుకి వెళ్ళి పంచదార తెచ్చిపెట్టాడు.

"ఏమయ్యా, మొహం అలా పెట్టావేం?" అంది ఇనాలుక్.

"ఏం లేదే ముసలీ."

"ఏం లేనిదానికి మొహం అంత పొడుగవుతుందా?" అని ఆవిడ గిన్నెలో సీలు కాలేయం వేసి ముందుకు తోసింది. అతనికి ప్రాణమైన వంటకం. ఆ రోజు సగం మిగిల్చాడు. ఇనాలుక్ ఆ సగాన్ని చూసింది.

*

మూడో వేసవిలో నదుక్ వచ్చింది గాని వచ్చినట్టు లేదు. ఈకలు తీసింది, సంచుల మీద తేదీలు వేసింది, "థాంక్స్" అంది. అతనికి "థాంక్స్" చెప్పిన మొదటి మనిషి ఆమే. ఆ మాటకి అంత చలి ఉంటుందని అప్పుడే తెలిసింది.

"ఇదే ఆఖరు వేసవి," అంది ఒక రోజు, పిట్టను తూస్తూ. "ఈ పని అయిపోయింది. గురువారం హెలికాప్టర్‌కి వెళ్ళిపోతున్నా."

"మళ్ళీ?"

"మళ్ళీ అంటే?"

"ఏం లేదు. పిట్ట బరువెంత?"

వెళ్ళే ముందు ఊరివాళ్ళకి ఫలితాలు చూపించడం ఆనవాయితీ. మంగళవారం బడిలో అందరూ చేరారు. కాఫీ, కేకు, మత్తాక్ ముక్కలు బల్లమీద పెట్టారు. గోడమీద బొమ్మలు వేసే మిషన్ పెట్టారు. ఆ బొమ్మల్ని నూక్‌లో నదుక్ పైఅధికారిణి తయారుచేసి, ఆ పొద్దున్నే పంపింది. నదుక్ మొదట పిట్టల గీతలు చూపించింది. చలికాలంలో అవి చేపపిల్లలు తిన్నాయా, రొయ్యపిల్లలు తిన్నాయా చెప్పింది. ముసలివాళ్ళు తలలూపారు. కొందరు, ఆ మాత్రం పిట్ట కడుపు కోస్తే మేమే చెప్పేవాళ్ళం కదా అన్నారు.

"తర్వాత, పోలికకోసం మనుషుల జుట్టు," అంటూ మీట నొక్కింది.

గోడమీద మూడు గీతలు వచ్చాయి. నదుక్ వాటిని చూసి, మాట మధ్యలో ఆగిపోయింది.

పైనున్న గీత ఏడాది పొడవునా తిన్నగా, బల్ల చెక్కలా ఉంది. "వేటగాడు" అని రాసి ఉంది. "వీడే, ఇనుతెకే! వీడు ఏడాదంతా సీలే!" అని అందరూ గొల్లున నవ్వారు. రెండోది "వృద్ధురాలు". ఇనాలుక్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. మూడోది అడుగున ఉంది. "పట్నవాసి" అని ఉంది. కోడి, పంది, రొట్టె తినే మనిషి గీత.

అయితే ఆ గీత అడుగున ఊరికే పడుకుని లేదు. మూడుచోట్ల లేచింది.

ఇనుతెక్ చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది. కుదురునుంచి వెనక్కి సెంటీమీటర్లు లెక్కపెట్టాడు. ఈ చాటుగోడ చదువు అతనికి చెప్పింది ఆమే కదా. మొదటి గుట్ట నవంబరు. రెండోది జనవరి. మూడోది ఏప్రిల్. ప్రతి గుట్టా మెల్లిగా, ఇక చాలదన్నట్టు, పొదుపుగా దిగింది. మూడో గుట్ట దిగాక మే నెలంతా గీత నేలమీద పడి ఉంది.

"ఇది... ఇది అంత ముఖ్యం కాదు. తర్వాతది చూద్దాం," అంది నదుక్, మీట కోసం తడుముకుంటూ.

"ఆగు," అన్నాడు ఇనుతెక్, లేచి నిలబడి. "ఆ పట్నం మనిషికి నవంబరులో ఏమైంది?"

"మిషన్ పొరపాటు."

"జనవరిలో కూడా పొరపాటేనా?"

"అప్పుడప్పుడూ వస్తాయి."

"ఏప్రిల్‌లో?"

నదుక్ మొహం ఎర్రకోటులో కలిసిపోయింది. మిషన్ అలా వదిలేసి తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది. అతను కేకు ముక్క పక్కవాడి చేతిలో పెట్టి వెనకే పరిగెత్తాడు.

ఆమె ఒడ్డున, బోర్లించిన పడవ పక్కన నిలబడి ఉంది.

"అన్నీ పక్కింటివాళ్ళకి ఇచ్చేశానన్నావు."

"ఇచ్చాను."

"ఎంత?"

నదుక్ సముద్రంలో తేలుతున్న మంచుగడ్డల్ని చూసింది. "ఒక ముక్క."

"ఒంటికి పడలేదన్నావు."

"రోజుకో ముక్క చొప్పున తిన్నాను. ఎక్కువ తింటే అయిపోతుందని. ఆ 'తిను' అన్న కాగితం కూడా దాచుకున్నాను. చాలా?" ఆమె కాలితో ఒక గులకరాయిని తన్నింది. "ఆ గీత చూసి ఎక్కడో దాచేశాను. మా మేడం వెతికి బయటపెట్టింది, ఆవిడకి అందంగా కనిపించిందట."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు? ఆ మెసేజ్ వచ్చాక నేను ఎలా ఉన్నానో నీకు తెలుసా? నా జుట్టు చూస్తే నీకది తెలియదు. నేను సీలు తింటూనే ఉన్నాను. కాని నువ్వంటే నాకు ఎంత ఇదిగా ఉందో ఏ మిషన్ పెట్టి చూపించను?"

"అమ్మమ్మ కోసం," అంది నదుక్. ఇప్పుడు కళ్ళనీళ్ళు దాచుకోలేదు. "మార్చిలో ఫోన్ చేసింది. 'మా ఆయన నీకు పార్సెల్ కట్టాడే, నాకిచ్చే ముక్క కూడా అందులోనే వేశాడు' అని మురిసిపోయింది. ఆవిడ ఒకసారి మొగుణ్ణి పోగొట్టుకుంది. మళ్ళీ నేను ఎత్తుకుపోనా? రోజూ నువ్వు తలుపు తోసి 'ఏమే ముసలీ' అనకపోతే ఆవిడ ఏం చూసుకుని బతుకుతుంది?"

"ఎత్తుకుపో!"

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. ఇనాలుక్ కర్ర పొడుచుకుంటూ గులకరాళ్ళ మీద నడిచి వస్తోంది. బడి కిటికీల్లో ఊరంతా ఉంది.

"నేను గొడ్డలి పెట్టి కొట్టినా పోడు వీడు. ఎత్తుకుపోవే తల్లీ." ఆవిడ పడవ మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. "ఆ గీతలు నాకు అర్థం కావు. ఎవడేం తింటాడో తెలుసుకోడానికి నాకు మిషన్ ఎందుకు? మా ఆయనకి సీలు కాలేయం వాసనే పడదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఒక్క ముక్క ముట్టలేదు. వీడు నడక రాకముందే నా ఒళ్ళో కూర్చుని గిన్నె నాకాడు. ఆ రోజే తెలుసు నాకు. పేరు మా ఆయనదే. ఆకలి వీడి సొంతం."

"మరి ఇన్నేళ్ళూ మా ఆయన, మా ఆయన అని..." అన్నాడు ఇనుతెక్.

"పిలవడానికి ఒకడుంటే బాగుంటుంది కాబట్టి పిలిచాను. నాకు పిలవడానికి కావాలి, నా మనవరాలికి బతకడానికి కావాలి. రెండూ ఒకటేనా?" ఆవిడ ఇనుతెక్ చెయ్యి పట్టుకుని తన బుగ్గకి ఆనించుకుంది, కాసేపు వదల్లేదు. "మార్చిలో నేను పెట్టిన కాలేయం సగం మిగిల్చాడే. మా ఆయన పోయిన ఏడు నేనూ అలాగే మిగిల్చాను."

నదుక్ ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, తల ఎత్తకుండానే చెప్పింది. ఏడాది పొడవునా ఈ ఊళ్ళోనే ఉండి నమూనాలు తీసే మనిషి కావాలని ఆఫీసువాళ్ళు రెండేళ్ళుగా అడుగుతున్నారట. భయపడి తనే ఊరుకుందట.

"మరి గురువారం?" అన్నాడు ఇనుతెక్.

"వెళ్ళాలి. ఏప్రిల్ దాకా అక్కడ పని ఉంది." ఆమె మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "మేలో పిట్టలతోపాటు వస్తా. పార్సెళ్ళు మాత్రం ఆపకు."

"ఇక నిన్నేమని పిలవాలి ముసలీ? అమ్మమ్మా అనా?" అన్నాడతను ఇనాలుక్‌తో.

"అన్నావంటే కర్రతో కొడతా."

*

ఆ చలికాలం రెండు చలికాలాలంత పొడుగ్గా గడిచింది. వస్తానని మాటిచ్చిన మనిషికోసం ఎదురుచూడటం, రాని మనిషికోసం చూడటంకంటే కష్టమని అతనికి తెలిసొచ్చింది. పార్సెళ్ళు ఏడు వెళ్ళాయి. ప్రతిదానికీ ఫోన్లో జవాబు వచ్చింది, ఖాళీ పెట్టె ఫోటోతో సహా. ఒకసారి జడ ఫోటో కూడా వచ్చింది, పక్కన స్కేలు పెట్టి. అతను దాన్ని కొలిచి, ఇంకా ఎన్ని సెంటీమీటర్లు పెరగాలో లెక్కపెట్టుకున్నాడు.

మే మొదటివారంలో ఒక పొద్దున దక్షిణం వైపు ఆకాశం నల్లబడి, ఆ నలుపు గోలపెడుతూ దగ్గరికొచ్చింది. పిట్టలు వచ్చేశాయి. ఇనుతెక్ వల తీసుకుని కొండెక్కాడు. చాటుగోడ వెనక కూర్చుని కర్రవల ఊపాడు, మొదటి పిట్ట పడింది. కుడిచేయి దాన్ని బయటికి తీసింది. బొటనవేలు, నిరుటి వేసవి నుంచి దాన్ని ఆపేవాళ్ళు లేక, నెమ్మదిగా రెక్క కిందికి కదిలింది.

అంతకుముందే వచ్చిన హెలికాప్టర్ చప్పుడును అతను పిట్టల గోలే అనుకున్నాడు.

"ఇనుతెక్!"

కింద రాళ్ళ మధ్య ఎర్రకోటు. చేతిలో పెట్టె, భుజంమీదుగా ముందుకు వేసుకున్న జడ. మూడు వేసవులు దాటాక ఆమె అతన్ని పేరుపెట్టి పిలవడం ఇదే మొదటిసారి. కింద ఇంటి గుమ్మంలో ఇనాలుక్ కూడా ఆ పేరు విని తల ఎత్తింది.

అతను లేచి నిలబడ్డాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆమె రొప్పుతూ పైకి ఎక్కి వచ్చి, అతని ఖాళీ అరచేతిని చూసింది.

"పిట్టేది?"

అతనూ చూసుకున్నాడు. "ఇందాకటిదాకా ఉంది."

"చంపేశావా?"

"లేదు. ఎప్పుడో ఎగిరిపోయింది."

"ఈక తీయకుండానే?" అంటూ నదుక్ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మొదటి వేసవిలో టేపు చుట్టిన చోటే, బొటనవేలి చుట్టూ, తన వేళ్ళు నాలుగు చుట్టింది.